తెడ్డు పాలు

బోడగుట్ట చెరువులో పట్టిన చేపను మూడు పాళ్లు వేస్తారు. వలకు ఒకటి, చేతికి ఒకటి, తెడ్డుకు ఒకటి. వల పాలు బోటూ వలా ఎవరివైతే వాళ్లది. చేతి పాలు వల వేసి గుంజినవాళ్లది. తెడ్డు పాలు బోటు నడిపిన మనిషిది.

ఈ పాళ్లు చెరువు కట్ట మీదనే పడతాయి. పంచేముందు సొసైటీ అధ్యక్షుడు ఒక సంగతి చూస్తాడు. బోటు కట్టకు తగిలినప్పుడు అందులోంచి దిగిన మనుషులెవరు? దిగినవాళ్లకే పాలు. నడుమ దిగినవాళ్లకు లేదు. వెనకట కొందరు అవతలి ఒడ్డున దిగి, చేపలు సంచిలో వేసుకుని, అడవి దారిన నర్సంపేట పోయి అమ్ముకున్నారు. అప్పటినుంచి ఈ రివాజు.

కట్టయ్య బోటులో ముగ్గురు ఎక్కేవారు. కట్టయ్య వల వేసేవాడు. అతని అన్న కొడుకు సదానందం గుంజేవాడు. కట్టయ్య భార్య చిలుకమ్మ తెడ్డు వేసేది. బోటూ వలా కట్టయ్యకూ అన్నకూ ఉమ్మడిగా ఉండేవి. అన్న పోయాక ఆ సగం సదానందానికి వచ్చింది. అంటే వల పాలూ చేతి పాలూ ఇద్దరు మగవాళ్లు చెరిసగం పంచుకునేవారు. తెడ్డు పాలు మొత్తం చిలుకమ్మది.

ఆ బుట్టను ఆమె తలకెత్తుకుని ఆటో ఎక్కి నర్సంపేట మార్కెట్లో కూర్చునేది. వచ్చిన పైసలు ఆమె కొంగున ఉండేవి. కట్టయ్య అడిగితే ఇచ్చేది, అడగందే ఇచ్చేది కాదు. పెళ్లయిన నాటినుంచి ఆమె తనది అని చెప్పుకోగలిగిన వస్తువు ఆ బుట్ట ఒక్కటే. దాని మీదనే బర్రెను కొన్నది.

సదానందం పెళ్లయినప్పటినుంచి ఈ లెక్క మాట్లాడుతున్నాడు. మూడు పాళ్లలో రెండు కట్టయ్య ఇంటికి పోతున్నాయి, తన ఇంటికి ఒకటే వస్తున్నది. మాట అబద్ధం కాదు. దానికి చిలుకమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది.

"తెడ్డు నువ్వెయ్యి బిడ్డా. పాలు నువ్వే తీస్కో."

సదానందం ఒకసారి వేశాడు. బోటు వల మీదికి పోయింది. మళ్లీ అడగలేదు.

*

చెరువులోకి మోటర్లు వచ్చాక సంగతి మారింది.

వాగు వచ్చి చెరువులో కలిసేచోటును వాగుమూల అంటారు. కట్టకు ఎదురుగా, అడవి వైపు ఉంటుంది. చేప అక్కడికి ఎక్కుతుంది. పొద్దున ఎవరు ముందు చేరితే వాళ్లదే ఆ జాగ. తెడ్డు మీద పోయే రోజుల్లో చిలుకమ్మ ఆ జాగను వారంలో మూడు నాలుగుసార్లు పట్టేది. సొసైటీ అధ్యక్షుడు రాయమల్లు తన బోటుకు పది హార్స్ పవర్ మోటర్ పెట్టాడు. తర్వాత ఇంకో మూడు బోట్లకు మోటర్లు వచ్చాయి. కట్టయ్య బోటు సగం దూరం పోయేసరికి వాగుమూల నిండిపోయేది. వీళ్లు తుంగలో, మొద్దుల నడుమ వల వేసి చిన్న జెల్ల చేపలు పట్టుకుని వచ్చేవారు.

"ఇట్లయితె వల కాదు కాకా, గాలం వేసుకొని కూసుందాం," అన్నాడు సదానందం. "మోటర్ తేవాలె."

కట్టయ్యకు మోటర్ మీద కోరిక ఉంది, భయమూ ఉంది. చిలుకమ్మకు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. దాన్ని ఆమె రాయమల్లును కట్ట మీద, నలుగురి ముందర అడిగింది. రాయమల్లు ఆమెకు చిన్నాయన కొడుకు, వరసకు తమ్ముడు.

"తమ్మీ, మోటర్ పెడితే తెడ్డు పాలు ఉంటదా, పోతదా?"

"నా బోటుల పోయింది గద అక్కా. తెడ్డు లేదు, పాలు లేదు. గిప్పుడది మోటర్ పాలు. మోటర్ ఎవలదైతే వాళ్లకు."

"మా బోటుల తెడ్డుంటది. మోటర్ మీద పోతం, వస్తం. వల వేసేటప్పుడు మోటర్ బందు పెట్టి నేను తెడ్డేస్త. లేకుంటే మోటర్ రెక్కలకు వల చుట్టుకుంటది."

రాయమల్లు ఆలోచించాడు. చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారు.

"బోటుల తెడ్డుండాలె. తెడ్డు పట్టిన మనిషి కట్ట మీద దిగాలె. గట్లుంటే నీ పాలు నీదే అక్కా. నేను గాదన్న."

చేపలు కొనే మొగిలమ్మ బుట్ట మీద కూర్చుని ఉంది.

"మనిషి దిగాలెనంటె, ముందు మనిషికి బోటుల జాగుండాలె గద," అన్నది. "మోటర్‌ను ఒళ్లె కూసోపెట్టుకుంటవా చిలుకా?"

అందరూ నవ్వారు. చిలుకమ్మ కూడా నవ్వింది. బర్రెను ఆ వారమే అమ్మారు.

*

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక సందులో సుందర్ రావు దుకాణం ఉంది. మోటర్ పంపులు, పురుగుమందు కొట్టే మిషన్లు అమ్ముతాడు. అడిగినవాళ్లకు బోటు మోటర్లు తెప్పిస్తాడు. గల్లా వెనక గోడకు బైబిల్ వాక్యం క్యాలెండర్, దాని కింద కాటా. రాయమల్లు మోటర్ అక్కడిదే.

ముగ్గురూ బస్సులో పోయారు. చిలుకమ్మను రావద్దని సదానందం అన్నాడు. బర్రె పైసలు తన దగ్గర ఉన్నాయని ఆమె చెప్పింది.

"రాయమల్లుకు ఇచ్చిందే ఇయ్యిండ్రి సార్," అన్నాడు సదానందం, కూర్చోకముందే.

"రాయమల్లు బోటు వేరు. అది పద్దెనిమిది అడుగులు. మీదెంత?"

"పద్నాలుగు," అన్నాడు కట్టయ్య.

"వెనక మోటర్ బిగించే చెక్క ఎత్తెంత? పై అంచు నుంచి అడుగు దాక."

చిలుకమ్మ కొంగు ముడి విప్పి నైలాన్ తాడు తీసింది. రెండు చోట్ల ముడులు వేసి ఉన్నాయి. సుందర్ రావు టేపు పెట్టి చూశాడు. పదిహేను అంగుళాలు.

"బాగ తెచ్చినవమ్మా. దీనికి నీళ్లల్లకు దిగే కాడ పొట్టిగ ఉన్న మోటర్ కావాలె. పొడుగు కాడది పెడితే మొద్దులకు తగుల్తది." అతను ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాడు. "మోటర్ కొనేటోళ్లు ముందు స్పీడు అడుగుతరు. నేను ముందు బరువు అడుగుత. ఒక్కొక్కళ్లు కాటా ఎక్కుండ్రి."

కట్టయ్య ఎక్కాడు. అరవై ఒకటి. సదానందం ఎక్కాడు. ముల్లు ఎనభై దాటింది.

"నీకే సగం మోటర్ కావాలె," అన్నాడు సుందర్ రావు.

"చెప్పులు ఇడువలే సార్," అన్నాడు సదానందం.

చిలుకమ్మ ఎక్కింది. నలభై ఆరు.

"వల?"

"ముప్పై ఉంటది," అన్నాడు కట్టయ్య.

"ఎండినప్పుడు ముప్పై," అన్నది చిలుకమ్మ. "తడిస్తె అరవై పట్టు సార్."

సుందర్ రావు అరవై వేశాడు. పెట్రోలు డబ్బా వేశాడు. తర్వాత తల ఎత్తాడు.

"చేపలెన్ని ఎక్కుతయి?"

కట్టయ్య క్యాలెండర్ వైపు చూశాడు.

బోడగుట్ట చెరువు మీద వల ఎత్తకముందు చేప ఎంతొస్తుందో ఎవరూ చెప్పరు. ఎంతొస్తుందని అడిగితే ఏమీ రాదు అంటారు. ఇంట్లో పొయ్యి దగ్గర అడిగినా అదే జవాబు. లెక్క చెప్పినవాడి వల ఒట్టిగా వస్తుందని నమ్మకం. ఎవరైనా పొరపాటున నోరు జారితే ఆ రోజు వాళ్ల బోటు నీళ్లలో దిగదు.

"చెప్పుండ్రి. రోజుకెన్ని కిలోలు?"

"ఏం రాదు సార్," అన్నాడు కట్టయ్య.

"ఏం రాకుంటె మోటరెందుకయ్యా? గాలి తిరుగుటందుకా?"

కట్టయ్య నేల చూశాడు.

"నన్ను టాక్సోడనుకుంటాన్రా? రాయమల్లు కూడ గిట్లనే చేసిండు. నేను ఎవలకు చెప్ప. అందాజగ చెప్పు. మంచిగ పడ్డరోజు యాభైనా, క్వింటనా, రెండు క్వింటాళ్లా?"

"ఏం రాదు సార్. నాలుగు పిల్ల చేపలు."

సుందర్ రావు సదానందం వైపు చూశాడు. పెద్ద మోటర్ కావాలని వచ్చినవాడు సదానందం. లెక్క చెబితే అతని మాటకు బలం వచ్చేది.

"ఏమో సార్," అన్నాడు సదానందం. "ఎవలు చెప్పొచ్చిన్రు."

సుందర్ రావు లేచి మూడు మోటర్లు చూపించాడు. ఒకటి రెండున్నర హార్స్ పవర్, పదిహేడు కిలోలు. ఒకటి ఐదు, ఇరవై ఆరు కిలోలు. ఒకటి పది, నలభై కిలోలు.

"పదిది మీ బోటుకు వద్దు. వెనక చెక్క తట్టుకోదు. పెట్రోలు డబ్బా కలిపితే ఇదీ, ఈ అమ్మా ఒకటే బరువు. ఇది ఎక్కితే ఒక మనిషి దిగాలె."

"దిగుతరు సార్," అన్నాడు సదానందం.

"ఎవలు దిగుతర్రా?" అన్నది చిలుకమ్మ.

"నేనొక మాటన్న చిన్నమ్మా. కోపమెందుకు?"

సుందర్ రావు ఇద్దరినీ చూసి కట్టయ్య వైపు తిరిగాడు.

"మీరు చెప్పిన బరువుకు రెండున్నర చాలు. నిమ్మళంగ పోతది, వస్తది. పెట్రోలు తక్కువ తాగుతది. కాని ఎదురుగాలి ఉండి, మీద ఇంకో క్వింట పడ్డదంటే గుంజది. అప్పుడు ఐదు కావాలె. ఐదుంటె ఎక్కువైన చేపను ఒడ్డున పెట్టి రెండో ట్రిప్పు కూడ వేసుకోవచ్చు, గంటల పోయి రావచ్చు. ఆఖరుసారి అడుగుతాన. క్వింట పడుతదా, పడదా?"

వాన పడి వాగు వచ్చిన రోజున వాగుమూలలో క్వింటన్నర పడుతుంది. రెండు క్వింటాళ్లు పడ్డ రోజులు కూడా ఉన్నాయి. ముగ్గురికీ తెలుసు. తెడ్డు మీద వచ్చినప్పుడు చిలుకమ్మ అంత బరువునూ గుట్ట నీడన, గాలి తగలకుండా, ఒడ్డు వెంబడి తెచ్చేది. పొద్దెక్కేది, కానీ తెచ్చేది.

ఆమె చెప్పొచ్చు. తాడు కొలత చెప్పింది, తడిసిన వల బరువు చెప్పింది. ఈ మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆగడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదు. క్వింట అనగానే సదానందం పదిది అడుగుతాడు. పదిది వస్తే దిగే మనిషి తనే. చిన్నది వస్తే తన జాగ తనకు ఉంటుంది.

"పడదు సార్," అన్నాడు కట్టయ్య.

చిలుకమ్మ కొంగు విప్పి రెండున్నర మోటర్‌కు పైసలు తీసి భర్త చేతికి ఇచ్చింది.

*

నెలన్నర ఏ గొడవా లేకుండా నడిచింది.

మోటర్ చప్పుడు కుట్టు మిషన్ చప్పుడులా ఉందని రాయమల్లు కొడుకులు ఎగతాళి చేశారు. అయినా వారంలో రెండుసార్లు వాగుమూల దొరికింది. అక్కడికి చేరగానే సదానందం మోటర్ ఆపి పైకి ఎత్తేవాడు. చిలుకమ్మ తెడ్డు పట్టేది. కట్టయ్య వల వదిలేవాడు. ఆమె బోటును వలకు మూరెడు దూరంలో పెట్టి వెనక్కి నడిపేది. వల గుంజాక మోటర్ మీద కట్టకు వచ్చేవారు. ఆమె చేతిలో తెడ్డు పట్టుకుని దిగేది. రాయమల్లు చూసేవాడు. తెడ్డు పాలు పక్కకు పడేది.

"చెరువుల ఇంక తెడ్డు పాలు తినేది నువ్వొక్కదానివే," అన్నది మొగిలమ్మ ఒకరోజు.

"నీ కండ్లు పడ్డయి. మిరపకాయలు తిప్పేసుకుంట."

"నా కండ్లెందుకే. నీ ఇంటి కండ్లు చాలవా?"

మోటర్ నడపడం సదానందం ఒక్కడే నేర్చుకున్నాడు. కట్టయ్యకు తాడు గుంజితే భుజం పట్టేస్తున్నది. చిలుకమ్మ నేర్పమని రెండుసార్లు అడిగింది. రేపు అన్నాడు.

శ్రావణం చివర పైన అడవిలో వాన పడింది. వాగు రాత్రంతా వచ్చింది. పొద్దున వాళ్లు మూడో బోటుగా బయలుదేరారు. ముందు పోయిన రెండింట్లో ఒకటి రాయమల్లుది. దాని మోటర్ రెక్కలకు దారిలో తుంగ చుట్టుకుని ఆగిపోయింది. రెండోది చెరువు నీళ్లు పొర్లే మత్తడి వైపు తిరిగింది. వాగుమూల వీళ్లకు దొరికింది.

మొదటి వలలోనే బొచ్చెలు, రవ్వలు, అన్నీ పెద్ద చేపలే పడ్డాయి. కట్టయ్య మళ్లీ వల వదిలాడు. రెండో వల గుంజడానికి ఇద్దరికీ చేతకాక చిలుకమ్మ తెడ్డు కింద పెట్టి తాడు పట్టింది. బుట్టలు నిండాయి. మిగిలినవి బోటు అడుగులో పోశారు. కాళ్ల మీద చేపలు కొట్టుకుంటున్నాయి. వెనక చెక్క పై అంచుకూ నీళ్లకూ నడుమ నాలుగు వేళ్ల సందు మిగిలింది.

అప్పటికి గాలి లేచింది. కట్ట వైపు నుంచి వస్తున్నది.

సదానందం తాడు గుంజాడు. మోటర్ మొదలైంది. పిడి చివరి దాకా తిప్పాడు. బోటు కొంత దూరం పోయింది. గుట్ట నీడ దాటగానే ఆగింది. మోటర్ నడుస్తూనే ఉంది. మూతి పక్కకు తిరిగింది. ఒక అల వెనక చెక్క మీదినుంచి లోపలికి వచ్చింది. కట్టయ్య డబ్బాతో నీళ్లు తోడాడు. ఇంకో అల వచ్చింది.

"వెనుకకు తిప్పురా," అన్నది చిలుకమ్మ. "గుట్ట కిందికి తిప్పు. మోటర్ ఎత్తు. నేను ఒడ్డెంబడి తెడ్డు మీద తీస్కపోత."

"ఒడ్డెంబడి పోయేవరకు పగటీలైతది. చేపలెక్కించుకునే ఐసు బండి ఆగుతదా? చేప మెత్తవడితె ఎవడు కొంటడు?"

"సగం ఒడ్డున పోసి పోదాం. మల్ల రావచ్చు."

"ఈ కుట్టు మిషన్ మీద మల్ల వచ్చుడా? ఒక్కసారి పోయేవరకే బండి పోతది."

అతను బోటును గుట్ట కిందికి తిప్పాడు. ఒడ్డుకు తగిలించాడు. మోటర్ ఆపలేదు.

"చిన్నమ్మా, జర దిగు. అన్లోడు చేసొచ్చి నిన్ను తీస్కపోత."

చిలుకమ్మ కదల్లేదు.

"నువ్వు దిగరాదు? నువ్వెనభై కిలోలు."

"మోటర్ ఎవలు నడుపుతరు?"

"నన్ను నేర్వనిచ్చినవా?"

"ఇప్పుడు పంచాది పెట్టకు చిన్నమ్మా. కాకా, చెప్పు."

కట్టయ్య భార్య వైపు చూడలేదు. ఆమె కాళ్ల ముందర ఉన్న బుట్టను రెండు చేతులతో పక్కకు జరిపాడు. దిగడానికి దారి అయింది.

ఆమె తెడ్డు తీసుకుని దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఒడ్డు ఎక్కి చూసింది. బోటు గుట్ట నీడ దాటింది. ఈసారి మూతి తిరగలేదు. మెల్లగా కట్ట వైపు పోయింది.

ఆమె ఒక బండ మీద కూర్చుని చూసింది. బోటు కట్టకు తగలడం కనిపించింది. మనుషులు మూగడం కనిపించింది. ఐసు బండి కట్ట దిగి పోవడం కనిపించింది. తర్వాత చాలాసేపు కట్ట మీద ఏదీ కదల్లేదు. బోటు తిరిగి రాలేదు. ఆమె లేచి తెడ్డు భుజాన పెట్టుకుని అడవి అంచున నడిచింది. వాగు దాటేచోట నడుం దాకా నీళ్లు వచ్చాయి. తెడ్డు పోటు పెట్టి దాటింది.

*

కట్ట చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. రాయమల్లు తాళ్లు చుట్టుతున్నాడు. మొగిలమ్మ బుట్టలు కడుగుతున్నది. సదానందం బోటులో నీళ్లు తోడుతున్నాడు. కట్టయ్య కనిపించలేదు.

"వద్దామనే అనుకున్న చిన్నమ్మా," అన్నాడు సదానందం. "పెట్రోలు అయిపోయింది."

ఆమె ఆగలేదు. రాయమల్లు దగ్గరికి పోయింది.

"తమ్మీ, నా పాలేది?"

రాయమల్లు తాడు చుట్టడం ఆపలేదు.

"బోటుల్నించి నువ్వు కట్ట మీద దిగలే గదక్కా."

"నన్ను అవుతల దించిన్రు. చేప కోసం దించిన్రు. వల గుంజింది నేనే. నువ్వు వాళ్లను అడుగు."

"అడిగిన. దించినమన్నరు. అబద్ధమాడలే."

"మరి?"

"నడుమ దిగినోళ్లకు పాలు లేదు. ఈ రివాజు నేను పెట్టిన్నా అక్కా? ఇయ్యాల నీకిస్తే రేపు ఇంకొకడు అడుగుతడు. ఎందుకు దిగిన్రో, చేప ఎటు వోయిందో నాకేం ఎరుక?"

"నేను చేప దాసుకొని దిగిన్నా? సంచి చూడు." ఆమె కొంగు దులిపింది. నైలాన్ తాడు కింద పడింది. "నీ కండ్ల ముందట తెడ్డు పట్టుకొని నిలవడ్డ."

"తెడ్డుతోని దిగాలెనన్న. తెడ్డుతోని నడిచి రావాలెనన్ననా?"

ఆ మాట అన్నాక రాయమల్లుకు కూడా బాగనిపించలేదు. తాడు కింద పెట్టాడు.

"వండుకోను రెండు రవ్వలు తీస్కపో అక్కా. నా పాలుల్నించి ఇస్త."

"నీ రవ్వలు నాకెందుకు?"

మొగిలమ్మ బుట్ట బోర్లించి ఆమె దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"నీ పాలు ఎటు పోలేదే. బోటు ఉమ్మడిది గదా, మోటర్ పాలని చెరిసగం చేసిన్రు. సదానందం సగం సదానందానికి. నీ మొగని సగం నీ మొగనికి."

"మోటర్ నా బర్రె."

"బర్రె ఎవల పేరు మీదున్నది చిలుకా?"

చిలుకమ్మ తాడు ఏరుకుని ఇంటికి పోయింది.

కట్టయ్య గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఆమె తెడ్డును గోడకు ఆనించింది. చీర మార్చుకుని వచ్చి పొయ్యి ముట్టించింది. కట్టయ్య గద్దె మీదినుంచే అన్నాడు.

"షాపుల నువ్వన్న చెప్పకపోతివి."

"నువ్వు పడదంటివి."

"రివాజది. నేనెట్ల చెప్త?"

"నువ్వు చెప్పనిది నేనెట్ల చెప్త?"

అతను జేబులోంచి పైసలు తీసి ఆమె ముందర పెట్టాడు. అంతకుముందు ఎన్నడూ అతను ఆమెకు పైసలు ఇచ్చింది లేదు. అడిగి తీసుకునేవాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు. కొద్దిసేపు చూసి అతను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మాపటికి సదానందం వచ్చాడు. వాకిట్లో నిలబడి సుందర్ రావుకు ఫోన్ చేశాడు. అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు.

"సార్, మీ మోటర్ గుంజుతలేదు. ఎదురుగాలికి ఆగిపోయింది."

"ఎంత లోడు వేసిన్రు?"

"క్వింటన్నర." చేప అమ్ముడుపోయింది కనుక చెప్పొచ్చు.

ఫోన్‌లో సుందర్ రావు గొంతు పెరిగింది.

"నేను మూడుసార్లు అడిగిన గదయ్యా. నాలుగు పిల్ల చేపలంటిరి. ఆనాడే చెప్తే ఐదిచ్చేటోణ్ణి, ముగ్గురు కూసుందురు. వాడిన మోటర్ నేను వాపస్ తీసుకోను."

"మరిప్పుడెట్ల సార్?"

"ఎట్లనేముంది. బరువు తగ్గించుకోండ్రి. ఒక మనిషిని తగ్గించుకుంటె దీంతోనే నడుస్తది."

సదానందం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"విన్నవు గద కాకా. నేనంటలేను, ఆ సారే అంటాండు. వల వేసేటప్పుడు నేనే తెడ్డు వేస్త, నేర్చుకుంట. చిన్నమ్మకు కూడ ఇంక పాణం సుకం. ఇంటికాడ ఉంటది."

కట్టయ్య పొయ్యి వైపు చూశాడు. చిలుకమ్మ అన్నం వంచుతున్నది. సదానందం గోడకు ఆనించిన తెడ్డు తీసుకుని పోయాడు.

*

మర్నాడు పొద్దున చిలుకమ్మ కట్ట మీదికి వచ్చింది. బోట్లు వరసలో ఉన్నాయి. సదానందం మోటర్ దగ్గర కూర్చున్నాడు. కట్టయ్య వల సర్దుతున్నాడు. ఆమె కూర్చునే పలక మీద ఖాళీ బుట్టలు పెట్టి ఉన్నాయి. తెడ్డు బోటు అడుగున పడి ఉంది.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు కట్టయ్య, తల ఎత్తకుండా.

ఆమె నీళ్ల అంచున నిలబడింది. మార్కెట్లో అరిచే గొంతుతో, అన్ని బోట్లకూ వినిపించేలా చెప్పింది.

"ఇయ్యాల మా బోటుకు రెండు క్వింటాళ్లు పడుతది."

బీడీ ముట్టిస్తున్నవాడు ముట్టించలేదు. మొగిలమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. రాయమల్లు తన బోటులోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఏం మాటది?"

"రెండు క్వింటాళ్లు," అన్నది ఆమె. "బొచ్చెలు, రవ్వలు. వాగుమూల కాడ."

కట్టయ్య వల వదిలేశాడు. బోటు అంచు పట్టుకుని ఒక కాలు బయట పెట్టాడు. లెక్క నోట పడ్డ రోజు బోటు నీళ్లలో దిగదు. అతను పుట్టినప్పటినుంచి దిగడం చూడలేదు.

"ఎటు పోతానవ్ కాకా?" అన్నాడు సదానందం.

"అన్నది గదరా. ఇయ్యాల వద్దు."

"వాగింక వస్తనే ఉన్నది. రేపటికి తగ్గుతది. ఇయ్యాల ఆగితె మల్ల ఎప్పుడు?" సదానందం రాయమల్లు వైపు తిరిగాడు. "ఏమంటవ్ మామా?"

రాయమల్లు చెరువు వైపు చూశాడు. వాగు నీళ్లు ఎర్రగా నడిచెరువు దాకా వచ్చాయి.

"అది నమ్మకం మీద ఉంటది," అన్నాడు. "సొసైటీ రూలైతె గాదు."

"ఇంకేంది. రెండు క్వింటాళ్లంటె మంచిదే గద. ఐసు ఎక్కువ తెమ్మని బండోనికి ఫోన్ చెయ్యాలె."

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. సదానందం తాడు గుంజాడు. కట్టయ్య బయట పెట్టిన కాలు లోపలికి తీసుకున్నాడు.

బోటు పోయింది. చిలుకమ్మ కట్ట మీదనే ఉంది. మొగిలమ్మ ఆమె దగ్గరికి రాలేదు. తక్కిన ఆడవాళ్లు కొంచెం దూరం జరిగి కూర్చున్నారు.

గాలి లేవకముందే బోటు తిరిగి వచ్చింది. వెనక చెక్క పై అంచు నీళ్లకు తగులుతున్నది. మోటర్ ఎప్పటిలాగే చప్పుడు చేస్తున్నది. ఆమె కూర్చునే పలక మీద నాలుగు బుట్టలు ఉన్నాయి, నాలుగూ నిండి ఉన్నాయి. ఇంకా కింద పోసినవి ఉన్నాయి. కాటా పెట్టారు. రెండు క్వింటాళ్లకు అయిదు కిలోలు తక్కువ.

కాటా పట్టిన మనిషి చిలుకమ్మ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

కట్టయ్య దిగాడు. సదానందం దిగాడు. రాయమల్లు ఇద్దరినీ చూశాడు. వల పాలు అన్నాడు, చేతి పాలు అన్నాడు, మోటర్ పాలు అన్నాడు. కుప్పలు పడ్డాయి.

మొగిలమ్మ తను కొన్న బుట్టను ఎత్తబోయింది. లేవలేదు. చుట్టూ చూసింది.

"చిలుకా, ఒక చెయ్యెయ్యి. కూలి ఇస్త."

చిలుకమ్మ వచ్చి బుట్ట రెండో పక్క పట్టింది. ఇద్దరూ బుట్టను ఐసు బండి దాకా మోశారు.

"నువ్వన్నంతే వచ్చింది గదనే," అన్నది మొగిలమ్మ. "ఒట్టిగ రాలే."

"వరంగల్ల అనాల్సింది," అన్నది చిలుకమ్మ. తర్వాత రెండో బుట్ట కోసం తిరిగి పోయింది.